ఘట్‌కేసర్–యాదాద్రి ఎంఎంటీఎస్: రైలు వచ్చేలోపు స్టేషన్ల చుట్టూ ప్లాన్ ఎవరు వేయాలి?

చెరువుగట్టు_బీబీనగర్
2017లో బీబీనగర్‌లో ప్లాటు కొన్నప్పుడు అమ్మినాయన అన్న మాట ఇంకా చెవిలో ఉంది: "రెండేళ్లల్ల ఎంఎంటీఎస్ లోకల్ రైలు వస్తది సార్, టిఫిన్ ఇక్కడ తిని తొమ్మిదింటికి సికింద్రాబాద్‌ల ఉంటరు." అప్పుడు మా పాప ఒకటో తరగతి, ఇప్పుడు పది. రైలు రాలేదని ఏడవడానికి ఈ పోస్టు పెట్టడం లేదు, దాని మీద ఇక్కడ ఇప్పటికే చాలా చర్చలు నడిచాయి. నా బాధ వేరు.

పోయిన ఆదివారం ఊరికే స్టేషన్ చుట్టూ నడిచాను. రెండు వెంచర్లు పక్కపక్కన ఉన్నాయి. ఇటు ముప్పై అడుగుల రోడ్డు, అటు ముప్పై అడుగుల రోడ్డు, రెండూ ఎదురెదురుగానే వస్తాయి, మధ్యలో ప్రహరీ గోడ. గోడ మీద నుంచి చూస్తే పట్టాలు కనిపిస్తాయి, రైలు కూత కూడా వినిపిస్తుంది, కానీ అక్కడికి చేరాలంటే మళ్లీ హైవే ఎక్కి చుట్టు తిరిగి రావాలి. రేపు నిజంగానే అరగంటకో బండి వచ్చినా ఈ గోడ అవతల ఉన్నవాళ్లు బండి తీసుకుని ఉప్పల్ దాకా పోతారే తప్ప రైలు ఎక్కరు.

వేరే చోట్ల లైన్ పొడవునా ఉన్న ఊళ్లు ముందే కలిసి కూర్చుని స్టేషన్ చుట్టూ ఏం రావాలి, రోడ్డు ఎటు పోవాలి అని అనుకుంటాయని చదివాను. మన లైన్‌లో బీబీనగర్ పంచాయతీ, భువనగిరి మున్సిపాలిటీ, యాదగిరిగుట్ట మున్సిపాలిటీ ఉన్నాయి. ఈ ముగ్గురూ ఎప్పుడైనా ఒక టేబుల్ దగ్గర కూర్చున్నారా? కూర్చోవాలంటే పిలవాల్సింది ఎవరు? తెలిసినవాళ్లు చెప్పండి.

టీకొట్టు_రాజకీయం
కూర్చున్నారు అన్నా. పెళ్లి భోజనాల్లో.

గజం_గోవిందం
నేను రియల్ ఎస్టేట్‌లోనే ఉన్నాను, ముందే ఒప్పుకుంటున్నా, తిట్టేవాళ్లు మెల్లగా తిట్టండి. ఆ గోడ కట్టింది వెంచర్ వాడే కావచ్చు గానీ తప్పు వాడొక్కడిదే కాదు. పక్క వెంచర్ రోడ్డుతో కలిపితే వీడి ప్లాట్లకి "గేటెడ్" అన్న మాట పోతుంది. కలపమని చెప్పే ప్లాన్ ఏదైనా ఉంటే చచ్చినట్టు కలుపుతాడు. లేనప్పుడు ఎవడు కలుపుతాడు చెప్పండి.

టీకొట్టు_రాజకీయం
గోవిందం అన్నా, మీ బ్రోచర్లలో "స్టేషన్‌కి ఐదు నిమిషాలు" అని రాస్తారు కదా, ఆ ఐదు నిమిషాలు గోడ దూకితేనా?

గజం_గోవిందం
గోడ దూకితే మూడు. నిజాయితీగా ఐదు రాశాం.

ప్లాన్_గీసే_చెయ్యి
టౌన్ ప్లానింగ్ చదివి ఒక ప్రైవేటు సంస్థలో పని చేస్తున్నాను. చెరువుగట్టు గారి ప్రశ్నకి కాస్త పొడుగ్గా రాయాల్సి వస్తుంది, ఓపిక పట్టండి.

ముందు ఎవరి హద్దు ఎక్కడో చూద్దాం. బీబీనగర్, భువనగిరి మండలాలు 2008లో హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) పెట్టినప్పటి నుంచీ దాని పరిధిలోనే ఉన్నాయి. అంటే లేఅవుట్ అనుమతి, జోనింగ్ (ఏ భూమి దేనికి వాడాలన్నది), మాస్టర్ ప్లాన్ రోడ్లు హెచ్‌ఎండీఏ చూస్తుంది, వీధి దీపాలు, మురుగు కాలవ, చెత్త పంచాయతీయో మున్సిపాలిటీయో చూస్తుంది. గుట్ట వైపు వెళితే 2015లో పెట్టిన ఆలయాభివృద్ధి అథారిటీ వైటీడీఏ ఉంది, దానికి సొంత ప్లాన్ ఉంది, దాని హద్దు గుట్ట దగ్గరే ఆగదు, చుట్టుపక్కల ఊళ్లు కొన్ని అందులో ఉన్నాయి. ఘట్‌కేసర్ మున్సిపాలిటీని 2025 చివర్లో మరో ఇరవై ఆరింటితో పాటు మహానగరంలో కలిపేశారు. అంటే 33 కిలోమీటర్ల లైన్ మీద పట్టుమని పది స్టేషన్లు లేవు, పెత్తనం చేసేవాళ్లు మాత్రం రైల్వే కాక ఇంకో అరడజను మంది.

అన్నిటికన్నా తమాషా రాయగిరిది. స్టేషన్‌కి యాదాద్రి అని పేరు మార్చారు, కానీ రాయగిరి ఊరు భువనగిరి మున్సిపాలిటీలో ఉంది. భక్తుడు దిగేది ఒకరి ఊళ్లో, వెళ్లేది ఇంకొకరి గుట్టకి. ఆ మధ్యలో ఆటో స్టాండ్, బస్సు ఆగే చోటు, టాయిలెట్ ఎవరు కట్టాలి అంటే ఇద్దరూ రెండో వాళ్ల వైపు చూస్తారు.

కలిసి ప్లాన్ చేయడానికి చట్టంలో దారి లేకపోలేదు. 74వ రాజ్యాంగ సవరణలోనే మెట్రోపాలిటన్ ప్లానింగ్ కమిటీ అని ఒకటి ఉంది, అందులో కనీసం మూడింట రెండొంతుల మందిని మున్సిపాలిటీల సభ్యులు, పంచాయతీల అధ్యక్షులు తమలోంచి ఎన్నుకోవాలి. మీరు అడిగిన టేబుల్ అదే. నా సర్వీసులో ఆ టేబుల్ చుట్టూ ఎవరైనా కూర్చోగా నేను చూడలేదు. ఇక హెచ్‌ఎండీఏ చట్టంలో ఏరియా డెవలప్‌మెంట్ ప్లాన్ అని ఉంది, మాస్టర్ ప్లాన్ కన్నా చిన్నది, ఒక ముక్క తీసుకుని వివరంగా గీసేది. స్టేషన్ చుట్టూ వేయాల్సింది అదే.

రిటైర్డ్_గార్డు
రైల్వేలో ముప్పై ఆరేళ్లు చేశాను కాబట్టి అటువైపు మాట కూడా చెప్పాలి. రైల్వేకి స్టేషన్ అంటే దాని ఫెన్సింగ్ దాకానే. ఫెన్సింగ్ బయట రోడ్డు ఎంత వెడల్పు, అక్కడ బస్సు తిరుగుతుందా లేదా అన్నది రైల్వే లెక్కలోకి రాదు. మా సరిహద్దుకి 30 మీటర్ల లోపు ఇల్లు కడితే మా ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలంటాం, అంతకు మించి మాకు పట్టదు. దీన్ని తప్పు అనకండి, అది మా పని కాదు.

కానీ ఒక్క విషయం. ఎంఎంటీఎస్ కోసం మూడో లైన్ వేసేటప్పుడు ప్లాట్‌ఫారం ఏ వైపు పెరుగుతుంది, ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మెట్లు ఏ వైపు దిగుతాయి, బుకింగ్ ఆఫీసు ఒక వైపేనా రెండు వైపులా అన్నది డ్రాయింగ్ దశలో తేలిపోతుంది. ఆ తర్వాత మీరు వంద వినతిపత్రాలు ఇచ్చినా రెండో వైపు మెట్లు రావడానికి మళ్లీ కొత్త శాంక్షన్ కావాలి. ఊరివాళ్లు ఎప్పుడూ శంకుస్థాపన అయ్యాక వస్తారు. అప్పటికి మేం కాంక్రీటు పోసేసి ఉంటాం.

చెరువుగట్టు_బీబీనగర్
గార్డు గారు, ఇదే నాకు తెలియని ముక్క. అయితే ఇప్పుడు ఆ డ్రాయింగ్ ఎవరి దగ్గర చూడొచ్చు?

రిటైర్డ్_గార్డు
డివిజన్ ఆఫీసులో అడగండి. చూపించకపోతే ఆర్‌టీఐ వేయండి. "జనరల్ అరేంజ్‌మెంట్ డ్రాయింగ్" అని ఆ మాటే రాయండి, వేరే ఏం రాసినా "సమాచారం స్పష్టంగా లేదు" అని తిప్పి పంపుతారు.

రాయగిరి_రైతుబిడ్డ
మీరందరూ చదువుకున్నోళ్లు, మంచిగ రాస్తున్నరు. ఒక మాట అడుగుతా. స్టేషన్ చుట్టూ ప్లాన్ అంటే ఆ చుట్టూ ఉన్నది ఏంది? మా చెలకలు. రీజినల్ రింగు రోడ్డు, అదే ట్రిపుల్ ఆర్, గీత గీసినప్పుడు మా రాయగిరిలో ఏం జరిగిందో పేపర్ల చదివే ఉంటరు, మా వాళ్లు రోడ్డెక్కితే బేడీలు వేసి కోర్టుకు తీసుకపోయిన్రు. ఇప్పుడు ఇంకో ప్లాన్, ఇంకో గీత. కాగితం మీద గీత పడిన రోజు నుంచి ఆ భూమి అమ్ముడుపోదు, బ్యాంకు లోన్ ఇయ్యదు, బిడ్డ పెళ్లికి అక్కరకు రాదు. ఆ గీత రోడ్డు అయ్యేసరికి పదేండ్లు. పట్నం పోయి ఉద్యోగం చేసేటోళ్లకి ఐదు నిమిషాలు నడక తగ్గాలని మా పొలాలు ఆగాలా?

ప్లాన్_గీసే_చెయ్యి
తమ్ముడూ, మీ కోపం న్యాయమే. కానీ గీత పడకపోతే భూమి మిగులుతుందా? గోవిందం గారు వచ్చి కొంటారు, ఇంకో గోడ కడతారు.

గజం_గోవిందం
నన్ను మధ్యలోకి లాగకండి మేడమ్. అయినా నేను కొంటే డబ్బు అప్పుడే చేతిలో పెడతాను. సర్కారు పదేళ్లు తిప్పుతుంది.

రాయగిరి_రైతుబిడ్డ
అది మాత్రం నిజం. ఉప్పల్ భగాయత్ రైతులకి ఎకరానికి వెయ్యి గజాల లెక్కన అభివృద్ధి చేసిన ప్లాట్లు ఇస్తమన్నరు, ఇచ్చిన్రు కూడా, మంచి రేటు కూడా వచ్చింది, కాదనను. కానీ ఇచ్చేలోపు ఎంతమంది రైతులు కాలం చేసిన్రో. మా మేనమామ అండ్ల ఒకరు.

వాషి_వదిన
నేను నవీ ముంబైలో ఇరవై రెండేళ్ల నుంచి ఉంటున్నాను, మాది కరీంనగర్ వైపు. ఈ చర్చ చూస్తే మా ఊరు గుర్తొచ్చింది. ఇక్కడ రైలు లైన్లు వేసేటప్పుడు ఈ నగరాన్ని కట్టిన సిడ్కో అనే సర్కారు సంస్థ ఖర్చులో 67 శాతం, రైల్వే 33 శాతం పెట్టుకున్నాయి. మాన్‌ఖుర్ద్ నుంచి వాషికి 1992లో బండి వచ్చింది. వాషి, బేలాపూర్ స్టేషన్లు చూడండి, స్టేషన్ పైనే ఆఫీసులు, దుకాణాలు కట్టేశారు, కింద బండి దిగి లిఫ్ట్ ఎక్కితే ఆఫీసు. బయటికి రాగానే బస్సులు. ముందు స్టేషన్ ఎక్కడో అనుకుని తర్వాత సెక్టార్లు గీశారు, అందుకే నాకు బండి దిగి ఇల్లు చేరడానికి ఒక్క గోడా అడ్డం రాదు. వానాకాలంలో పట్టాలు మునుగుతాయి, అది వేరే కథ.

చిల్లర_లెక్కలు
వదినా, మీరు చెప్పిన 67–33 చూసి ఉలిక్కిపడ్డాను. మన ఎంఎంటీఎస్ రెండో దశ ఒప్పందం కూడా దాదాపు అదే, రాష్ట్రం మూడింట రెండొంతులు, రైల్వే ఒక వంతు. 2003లో మొదలైన మొదటి దశ సగం సగం. రెండో దశ 816 కోట్ల అంచనాతో 2012-13లో మంజూరైంది. లెక్క ఒకటే అయినప్పుడు వాళ్లకి వాషి ఎలా వచ్చింది, మనకి ప్రహరీ గోడ ఎలా మిగిలింది?

నాకు తోచింది రాస్తాను. సిడ్కో చేతిలో భూమి ఉంది. రైలుకి పెట్టిన 67 రూపాయలు ఆ భూమి అమ్మి తిరిగి రాబట్టుకుంది. మన దగ్గర రాష్ట్రం డబ్బు పెట్టాలి, రేటు పెరిగేది మాత్రం ప్రైవేటు ప్లాట్లది. లాభం గోవిందం అన్నకి, బిల్లు ఖజానాకి. అలాంటప్పుడు ఏ ఆర్థిక శాఖ అయినా ఉత్సాహంగా చెక్కు రాస్తుందా? యాదాద్రి లైన్ కథ అదే కదా. మొదట 330 కోట్లు అన్నారు, తర్వాత 400 కోట్లు దాటింది, రాష్ట్రం వాటా సర్దలేదు, పని కదల్లేదు, చివరికి కేంద్రమే మొత్తం పెట్టుకుంటానంది.

టీకొట్టు_రాజకీయం
గోవిందం అన్న పేరు ఈ థ్రెడ్‌లో ఎంఎంటీఎస్ కన్నా ఎక్కువసార్లు వచ్చింది.

గజం_గోవిందం
ఫ్రీ పబ్లిసిటీ. కానివ్వండి.

రిటైర్డ్_గార్డు
చిల్లర_లెక్కలు గారి మాటకి ఒక చేర్పు. కేంద్రమే మొత్తం పెట్టుకుంటే అందరూ సంతోషించారు. నేను మాత్రం కాస్త భయపడ్డాను. డబ్బు పెట్టినవాడికే డ్రాయింగ్ దగ్గర మాట చెల్లుతుంది. రాష్ట్రం వాటా ఉన్నప్పుడు జాయింట్ మీటింగుల్లో రాష్ట్రం తరఫు ఇంజనీరు "మెట్లు ఈ వైపు కావాలి" అని అడగగలడు. ఇప్పుడు ఏ హక్కుతో అడుగుతాడు?

ప్లాన్_గీసే_చెయ్యి
ఇక్కడ నేను ఒప్పుకోను సార్. అడగడానికి డబ్బు ఒక్కటే హక్కు కాదు. స్టేషన్‌కి రోడ్డు, నీళ్లు, కరెంటు, మురుగు, ఆర్టీసీ బస్సు అన్నీ రాష్ట్రం, స్థానిక సంస్థలు ఇవ్వాల్సినవే. వాళ్లు "మేం ఈ వైపు అరవై అడుగుల రోడ్డు వేస్తాం, మెట్లు ఈ వైపు దింపండి" అని రాతపూర్వకంగా ముందే చెబితే రైల్వే కాదనదు. ముందే చెప్పేవాళ్లు లేకపోవడమే అసలు జబ్బు.

చర్లపల్లి చూడండి. 2025 జనవరిలో రైల్వే టెర్మినల్ మొదలైంది, లోపల ఎస్కలేటర్లు, లిఫ్టులు, విమానాశ్రయంలా ఉంది. రోడ్డు సంగతి? అప్రోచ్ రోడ్ల విస్తరణ గురించి టెర్మినల్ తెరిచాక కూడా మాట్లాడుకుంటూనే ఉన్నారు.

మౌలాలి_మూడో_వీధి
చర్లపల్లి మాట ఎత్తారు కాబట్టి. మా అత్తగారిని తెల్లవారుజామున ఒక స్టేషన్‌లో (పేరు చెప్పను, మీరే ఊహించుకోండి) దింపడానికి వెళ్లాను. రైలు టికెట్ ధర కన్నా ఆటో ఎక్కువైంది. ఆటోవాడు లోపలికి రానని రెండు సందుల ముందే ఆపాడు, చక్రాల సూట్‌కేసు గుంతల్లో లాక్కుంటూ వెళ్లాం. అత్తగారు ఇప్పటికీ ప్రయాణం గురించి అడిగితే "రైలు బాగుంది, స్టేషన్ దాకా వెళ్లడమే యాత్ర" అంటారు.

ఎయిమ్స్_హాస్టల్_2వ_అంతస్తు
బీబీనగర్ ఎయిమ్స్‌లో చదువుతున్నాను. మా దగ్గరికి రోజూ నల్గొండ, జనగామ, వరంగల్ వైపు నుంచి పేషెంట్లు వస్తారు, చాలామంది హైవే మీద బస్సు దిగి వస్తారు. బీబీనగర్‌లో స్టేషన్ ఉందన్న సంగతే సగం మందికి తెలియదు, తెలిసినవాళ్లు కూడా "అక్కడ దిగితే ఇక్కడికి ఏం దొరుకుతుంది" అని ఎక్కరు. మోకాళ్ల నొప్పులతో వచ్చే ముసలావిడ హైవే దాటడం చూస్తే భయమేస్తుంది. స్టేషన్, ఆసుపత్రి మధ్య ఒక చిన్న బస్సు తిరిగితే చాలు. ఇది ప్లానింగ్ కిందికి వస్తుందా, లేక ఇంత చిన్నదానికి కూడా మాస్టర్ ప్లాన్ కావాలా?

చెరువుగట్టు_బీబీనగర్
తమ్ముడూ నువ్వు చెప్పింది నా మనసులో లేనే లేదు. నేను సికింద్రాబాద్ వెళ్లేవాళ్ల వైపు నుంచే ఆలోచిస్తున్నా. ఇటు వచ్చేవాళ్లు కూడా ఉన్నారు కదా, గుట్టకి, ఎయిమ్స్‌కి. గుంటూరు లైన్ డబ్లింగ్ కూడా బీబీనగర్ దాకానే మంజూరైంది, అది అయ్యాక ఇంకా పెరుగుతారు.

చెన్నపట్నం_చిన్నోడు
మా చెన్నై కిలాంబాక్కం కథ వినండి. నగరం మధ్యలో ఉన్న కోయంబేడు బస్టాండ్ రద్దీ తగ్గించాలని ఊరి శివార్లో 88 ఎకరాల్లో పెద్ద బస్టాండ్ కట్టి 2023 డిసెంబర్ చివర్లో తెరిచారు. పక్కనే సబర్బన్ రైలు లైన్. తెరిచేనాటికి స్టేషన్ మాత్రం లేదు! వండలూరులోనో ఊరపాక్కంలోనో దిగి రావాల్సి వచ్చింది. తర్వాత ఆ రెంటికీ మధ్య కొత్త స్టేషన్ కోసం చెన్నై ప్లానింగ్ సంస్థ సీఎండీఏనే దక్షిణ రైల్వేకి డబ్బు కట్టింది. మీరు రైలు ఉండి రోడ్డు లేక ఏడుస్తున్నారు, మేం బస్సులు ఉండి రైలు ఆగక ఏడ్చాం. ఇందులో మీకు పనికొచ్చే ముక్క ఏంటంటే, ప్లానింగ్ సంస్థ తన జేబులోంచి రైల్వేకి డబ్బు కట్టి స్టేషన్ అడగడం కుదురుతుంది. చేశారు.

ఫ్రిస్కో_శీను
టెక్సస్ నుంచి. మీరు తిట్టుకోకపోతే మా సంగతీ చెబుతా. "అమెరికాలో అయితేనా" అనేవాళ్ల కోసం ప్రత్యేకంగా.

ఫ్రిస్కోలో సాయంత్రం పార్కుకి వెళితే తెలుగు తప్ప వినపడదు, అంత మందిమి ఉన్నాం. డాలస్ ప్రాంతంలో డార్ట్ అనే రవాణా సంస్థ ఉంది, అందులో చేరిన ఊరు తన అమ్మకపు పన్నులో ఒక శాతం దానికి ఇవ్వాలి. అమ్మకపు పన్ను మొత్తం 8.25 శాతం దాటకూడదు, అందులో 6.25 రాష్ట్రానిది, ఊరికి మిగిలేది రెండే. మా ఫ్రిస్కో ఆ రెండో శాతాన్ని కంపెనీల్ని రప్పించడానికీ పార్కులకీ వాడుకుంటోంది కాబట్టి డార్ట్‌లో లేదు, కాబట్టి మాకు రైలు లేదు. ఊరి మధ్య నుంచి బీఎన్ఎస్ఎఫ్ సరుకు బండ్ల లైన్ పోతుంది, ఇర్వింగ్ నుంచి ఫ్రిస్కోకి దాని మీద ప్యాసింజర్ రైలు నడపొచ్చా అని ఇక్కడి ప్రాంతీయ కౌన్సిల్ స్టడీ చేయించింది. స్టడీ ఉంది, రైలు లేదు. వినడానికి ఎక్కడో విన్నట్టు ఉందా?

పక్కన కారల్టన్‌లో మాత్రం పని జరిగింది. ట్రినిటీ మిల్స్ స్టేషన్ దగ్గర ఊరికి కొంత భూమి, డార్ట్‌కి కొంత భూమి ఉంటే రెంటినీ కలిపి 25 ఎకరాలు ఒకే ప్లాన్ కింద పెట్టి కట్టిస్తున్నారు. ఒకప్పుడు అది కార్లు పెట్టుకునే ఖాళీ జాగా. రెండు సంస్థలు, ఒక ఒప్పందం, ఒక డెవలపర్. మీరు అడిగే "ఒకే టేబుల్" కథ నేను కళ్లారా చూసింది అదొక్కటే.

టీకొట్టు_రాజకీయం
అంటే టెక్సస్‌లో కూడా గోడ ఉంది, కాకపోతే ఇంగ్లీషులో ఉంది.

పరుగో_పరుగు_1990
ఇదంతా సరే, కేంద్రం 2017లోనే టీఓడీ పాలసీ (స్టేషన్ల చుట్టూ ఊరు పెంచే విధానం) తెచ్చింది కదా, స్టేషన్ చుట్టూ 500 నుంచి 800 మీటర్ల దాకా ఎఫ్‌ఎస్‌ఐ (స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న పరిమితి) పెంచి ఎత్తుగా కట్టుకోనిమ్మని. మన దగ్గర కూడా అలా ఎఫ్‌ఎస్‌ఐ పెంచితే బిల్డర్లే వచ్చి రోడ్లు వేసుకుంటారు. ఎందుకింత చర్చ?

ప్లాన్_గీసే_చెయ్యి
హైదరాబాద్‌లో పెంచడానికి ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి ఎక్కడుంది బ్రదర్? 2006 నుంచే లేదు. ఇక్కడ ఎత్తు ఆధారపడేది రోడ్డు వెడల్పు మీద, సెట్‌బ్యాక్‌ల (బిల్డింగు చుట్టూ వదిలే ఖాళీ) మీద. ముంబైలో, బెంగళూరులో "స్టేషన్ దగ్గర అదనంగా కట్టుకో, బదులుగా ఇంత కట్టు" అని బేరం ఆడొచ్చు. మన దగ్గర ఆ బేరానికి సరుకే లేదు, కోకాపేటలో అరవై అంతస్తులకి అనుమతి వచ్చేటప్పుడు బీబీనగర్ స్టేషన్ దగ్గర అదనంగా ఇచ్చేది ఏముంటుంది?

ఇంకో మాట. ఎత్తు రోడ్డు వెడల్పుని బట్టి కాబట్టి, స్టేషన్ చుట్టూ అన్నీ ముప్పై అడుగుల లేఅవుట్ రోడ్లే ఉంటే అక్కడ చట్టప్రకారం చిన్న ఇళ్లే వస్తాయి. పెద్ద బిల్డింగులన్నీ ఔటర్ సర్వీస్ రోడ్డు మీద, రైలుకి దూరంగా. రోడ్డు రూల్ చూడటానికి చిన్నది, జనాన్ని స్టేషన్ నుంచి తరిమేది అదే.

పరుగో_పరుగు_1990
ఓహ్. ఈ కోణం తెలియదు. నా మాట వెనక్కి తీసుకున్నా.

టీకొట్టు_రాజకీయం
ఈ వేదికలో మాట వెనక్కి తీసుకున్న మొదటి మనిషి. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

చిల్లర_లెక్కలు
డబ్బు దగ్గరికి మళ్లీ వస్తా. రిజిస్ట్రేషన్‌కి మనం 7.5 శాతం కడతాం కదా. అందులో 5.5 స్టాంపు డ్యూటీ, 0.5 రిజిస్ట్రేషన్ ఫీజు, మిగతా 1.5 ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, అది స్థానిక సంస్థల కోసం వసూలు చేసేది. స్టేషన్ పేరు చెప్పి జరిగే ప్రతి రిజిస్ట్రేషన్‌లో ఆ 1.5 శాతం వస్తూనే ఉంది, 2017లో చెరువుగట్టు గారు కట్టినప్పుడూ వచ్చింది. స్టేషన్‌కి కిలోమీటరు లోపు సర్వే నంబర్లలో వచ్చే ట్రాన్స్‌ఫర్ డ్యూటీని పక్కన ఒక ఖాతాలో వేసి, స్టేషన్ రోడ్డుకి మాత్రమే ఖర్చు పెట్టాలని బీబీనగర్, భువనగిరి తీర్మానం చేసుకుంటే? కొత్త పన్ను అక్కర్లేదు, ఎవరి భూమీ లాక్కోనక్కర్లేదు.

గజం_గోవిందం
ఐడియా బాగుంది. ఆ డబ్బు సమయానికి పంచాయతీకి చేరుతుందా అన్నది వేరే విషయం. నాకు తెలిసిన సర్పంచి ఒకాయన ట్రాక్టర్ డీజిల్‌కి సొంత డబ్బు పెడుతున్నాడు, బిల్లులు రావడం లేదని.

రాయగిరి_రైతుబిడ్డ
చిల్లర అన్న చెప్పింది అయితే నాకు అభ్యంతరం లేదు. రోడ్డుకి పోయే జాగకి అప్పటి మార్కెట్ రేటు లెక్క కట్టి, ఆ ఖాతాలకెల్లి చేతిల పెట్టి తీసుకోండి. గీత గీసి పదేండ్లు ఆపుడు వద్దు. గీత గీసిన రెండేండ్లల్ల పైసలియ్యకపోతే గీత చెరిగిపోవాలె. ఇది రాసిస్తే నేనే ముందు సంతకం పెడత.

ప్లాన్_గీసే_చెయ్యి
రెండేళ్ల గడువు పెట్టడం నాకు నచ్చింది. పూర్తిగా చెరిపేస్తే మాత్రం వెంచర్లు ఆ రెండేళ్లు కాచుకుని కూర్చుంటాయి. మూడేళ్లు అందామా?

రాయగిరి_రైతుబిడ్డ
ఇగో, మొదలైంది బేరం. రెండున్నర.

వాషి_వదిన
సిడ్కో భూములిచ్చిన రైతుల గొడవ కూడా ఇక్కడ చిన్నది కాదు తమ్ముడూ, పరిహారం చాలలేదని ఏళ్ల తరబడి పోరాడితే తర్వాత తీసుకున్న భూమిలో 12.5 శాతం ప్లాట్లుగా తిరిగి ఇచ్చే పథకం వచ్చింది. నేను పైన అంతా బాగున్నట్టు రాశాను, అది కూడా చెప్పాలి కదా.

చెరువుగట్టు_బీబీనగర్
అందరికీ థాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో అయితే ఈ పాటికి గుడ్ మార్నింగ్ పువ్వులు వచ్చి ఉండేవి.

ఇవాళ ఉదయం మళ్లీ వెళ్లి టేపు పెట్టి కొలిచాను, మా పాప పట్టుకుంది. ఆ గోడ ఉన్న చోట నుంచి స్టేషన్ ఫెన్సింగ్ దాకా 140 అడుగులు. మధ్యలో ఒకరిదే చెలక. ఆ పెద్దాయన అక్కడే మేకలు మేపుతున్నాడు, అడిగితే "రోడ్డుకైతే ఇస్త, పార్కుకు ఇయ్య" అన్నాడు. పార్కు అని ఎవరన్నారో తెలియదు. గోడకి అటు వెంచర్ వాళ్ల ఓపెన్ స్పేస్ ఉంది, లేఅవుట్‌లో వదలాల్సిన పది శాతం. అంటే గోడ పడగొడితే ఇల్లు ఒక్కటి కూడా పోదు.

ప్లాన్_గీసే_చెయ్యి
ఓపెన్ స్పేస్‌లోంచి రోడ్డు వేయకూడదు, అది పార్కుగానే ఉండాలి, కోర్టులో నిలబడదు. కానీ నడిచే బాట వేయొచ్చు. మీకు కావాల్సింది కూడా నడకే కదా. గోడలో ఒక గేటు, ఆరడుగుల బాట.

చెరువుగట్టు_బీబీనగర్
గేటు చాలు మేడమ్. నాకు కారు వద్దు.

రిటైర్డ్_గార్డు
అయితే ఆర్‌టీఐలో రెండో ప్రశ్న కూడా రాయండి, ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మీ గోడ వైపు దిగుతుందా అని. అవతలి వైపు దిగితే మీ 140 అడుగులు మళ్లీ అరకిలోమీటరు అవుతుంది. పంచాయతీ తీర్మానం కాపీ కూడా జత చేయండి. హెచ్‌ఎండీఏ కొత్త మాస్టర్ ప్లాన్ పని నడుస్తోంది, ముసాయిదా వచ్చి అభ్యంతరాలు అడిగినప్పుడు అదే కాపీ అక్కడా పెట్టండి.

చెరువుగట్టు_బీబీనగర్
తీర్మానం కోసం సర్పంచి గారిని అడిగాను, వచ్చే గ్రామసభలో పెడతానన్నారు. భువనగిరి వైపు నుంచి ఎవరైనా కౌన్సిలర్‌ని కలిసేవాళ్లు ఉంటే చెప్పండి, రాయగిరి స్టేషన్‌కి కూడా ఇదే నమూనాలో రాద్దాం.

రాయగిరి_రైతుబిడ్డ
నేను కలుస్త. మా వార్డు కౌన్సిలర్ మా పక్కింటాయనే. కానీ ముందు రెండున్నరేండ్ల ముచ్చట అండ్ల రాయాలె.

ఎయిమ్స్_హాస్టల్_2వ_అంతస్తు
అన్నా, ఎయిమ్స్ బస్సు కూడా ఒక లైన్ రాయండి.

టీకొట్టు_రాజకీయం
గ్రామసభ ఎప్పుడో చెప్పండి, నేనూ వస్తా. టీ నాది. గోడ దూకి వస్తా, మూడు నిమిషాలే కదా.